నేల వినని అడుగులు

సారక్క రింగు కింద పైకెగిరి బంతిని రెండు చేతులా అందుకుని దిగింది. దిగగానే మిగతా అమ్మాయిల్లాగా తెర వంక చూడలేదు. బంతిని చంకన పెట్టుకొని నా గాజుగది దాకా వచ్చింది.

"నాది నాకు జెప్పకు జమునా. ఎవరికి జెప్పాల్నో వాళ్లకు జెప్పు" అంది తలుపు సందులోంచి.

ఎవరికి చెప్పాలో మా ఇద్దరికీ తెలుసు. జట్టు మేనేజరు విఠల్ సార్ పొద్దున్నుంచే నాకోసం కబుర్లు పంపుతున్నాడు.

హనుమకొండ స్టేడియంలో మా బాస్కెట్‌బాల్ కోర్టుకు ఈ నేల వేసి రెండేళ్లయింది. పైకి మామూలు చెక్క నేలే. కింద తమలపాకంత పల్చటి రేకులు పరిచి ఉన్నాయి. ఎవరు ఎగిరి దిగినా, నడిచినా ఆ చప్పుడు వాటి గుండా నా గదికి చేరుతుంది. మోకాలి ఎముకల నడుమ ఉండే మెత్తటి పొర కుళాయిలోని వాషరు లాంటిది. అది అరిగేకొద్దీ దిగిన చప్పుడులో ఒక పొడితనం వస్తుంది. మన చెవికి తెలియదు, రేకులకు తెలుస్తుంది. ఆ కీలు ఇంకా ఎన్నాళ్లు ఆడనిస్తుందో లెక్క కట్టి, యంత్రం తెర మీద ఒక దీపం బొమ్మ చూపిస్తుంది. ప్రమిద నిండుగా ఉంటే ఇంకా చాలా ఆట మిగిలి ఉన్నట్టు. అడుగంటితే ఇంటికి వెళ్లే రోజు దగ్గర పడినట్టు.

అమ్మాయిలు దాన్ని నూనె అంటారు. కొత్తలో ఆ మాట మీద తెగ నవ్వుకునేవాళ్లు. ఎవరైనా నెమ్మదిగా పరిగెడితే "నూనె బోయించుకొని రాపోవే" అని ఆటపట్టించేవాళ్లు. పోయిన ఏడాది వేరే ఊరి జట్టులో ఇద్దరు అమ్మాయిల్ని దీపం చూసి పంపేశారు. ఆ తర్వాత మా దగ్గర ఆ మాట మీద ఎవరూ నవ్వలేదు.

ఆ దీపం లెక్క రాసింది నేను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. అప్పగించిన పని సరిగ్గా చేయడం తప్ప మరో తెలివి నాకు లేదు. అడిగినవాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్తాను. సారక్కది సగానికి కాస్త కిందుగా ఉంది. అదే విఠల్ సార్‌కు చెప్పాను.

విఠల్ సార్ ఒకప్పుడు బడిలో డ్రిల్లు మాస్టారు. మేనేజరయ్యాక కూడా మెడలో విజిల్ తీయలేదు. మాట తోచనప్పుడు దాన్ని నోట్లో పెట్టుకుంటాడు, ఊదడు. ఆరోజూ పెట్టుకున్నాడు.

మా లీగ్‌లో ఒక నియమం ఉంది. జట్టులో ఆడేవాళ్లందరి జీతాలూ కలిపి ఒక హద్దు దాటకూడదు. సీజను అయిపోయి కొందరి కాంట్రాక్టులు ముగిసినప్పుడు ఆ హద్దు లోపల కొంత ఖాళీ పడుతుంది. మావాళ్లు దాన్ని జాగా అంటారు. ఆట లేని ఈ ఎండాకాలంలోనే ఆ జాగాలోకి ఎవరిని తెచ్చుకోవాలో తేల్చుకోవాలి. ఈసారి కాంట్రాక్టు ముగిసినవాళ్లలో సారక్క కూడా ఉంది. జాగా పెద్దదే. కానీ చీరాల నుంచి హెప్సిబా అనే అమ్మాయి వస్తానంటోంది. వయసు ఇరవై రెండు. చెయ్యి చాస్తే రింగు అందేంత ఎత్తు. వాళ్ల ఊరి నేల పంపిన దీపంలో నూనె అంచు దాకా ఉంది. ఆమె అడిగింది ఇస్తే జాగా మొత్తం నిండిపోతుంది. సారక్కకు చోటుండదు.

"పదకొండేండ్ల సంది ఈ జట్టుల ఉన్న పిల్ల. నాకు మాత్రం మనసొప్పుతదా?" అన్నాడు సార్, విజిల్ నోట్లోంచి తీసి. "గని నీ దీపమే జెప్తుంది గదా. నువ్వు రాసియ్యి జమునమ్మా. శనివారం ఆ పిల్ల వస్తది. నేను సంతకం జేస్త."

రాసిస్తానని చెప్పి ఇంటికి వచ్చాను.

ఇల్లంటే స్టేడియం వెనక సందులో రెండు గదులు. ఆ ఏడే అమ్మను కోరుట్ల నుంచి తెచ్చుకున్నాను. నా చిన్నప్పటి నుంచీ అమ్మ ఒళ్లో చాట ఉండేది. కాళ్లు మడిచి కూర్చుని బీడీలు చుట్టి నన్ను చదివించింది. ఇప్పుడు చుట్టాల్సిన అవసరం లేదు, కానీ ఆ కాళ్లకు ఆ మడత మిగిలిపోయింది. పొద్దున్నే ముందు గోడకు అరచేయి ఆనిన చప్పుడు వినిపిస్తుంది. ఆ వెంటనే సన్నటి మూలుగు. ఆ తర్వాత ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు తేలిగ్గా వంటగది వైపు వెళ్తాయి. దవాఖానకు పోదామంటే తిమ్మిరి అంటుంది. నొప్పి అనే మాట నా ముందు ఎప్పుడూ అనలేదు.

అన్నం కలిపి తినకుండా కూర్చున్నానని ఆరోజు అమ్మ విషయం అడిగింది. చెప్పాను. అంతా విని, సారక్క సంగతి పక్కనపెట్టి, నేల సంగతి పట్టుకుంది. వాడకట్టులో అందరికీ తన బిడ్డ నేలకు చెవులు పెట్టిందని చెప్పుకుంటోందట. ఎట్లుంటదని ఎవరన్నా అడిగితే చెప్పడానికి తను చూడనే లేదట. రేపు తీసుకెళ్లాల్సిందే అంది.

మర్నాడు సాయంత్రం అమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. కోర్టు గడప దగ్గర చెప్పులు విడిచేసింది. వేసుకోమన్నాను, వినలేదు.

"నీ చదువు మీద చెప్పులేసుకొని తిరుగుత్తనా?" అంది.

చిక్కు వచ్చిపడింది. నా యంత్రం బూట్ల చప్పుడే లెక్కలోకి తీసుకుంటుంది. నేల తుడిచేవాళ్లు, లైట్లు బిగించేవాళ్లు తిరిగే చప్పుళ్లు కలిసిపోతున్నాయని, ఒట్టికాళ్ల అడుగులన్నిటినీ వడకట్టి పారేసేలా మొదట్లోనే ఒక జల్లెడ పెట్టాను. అమ్మ కోసం ఆ జల్లెడ తీసేశాను. ఇప్పుడు నడువమ్మా అన్నాను.

అమ్మ నడిచింది. జెండా వందనం రోజు బడిపిల్ల నడిచినట్టు, గడ్డం పైకెత్తి, చేతులు ఊపుతూ, ఆ చివర నుంచి ఈ చివరకు నిటారుగా నడిచింది. తెర మీద దీపం వెలిగింది. నూనె ముప్పావు పైనే ఉంది.

ఒక్క క్షణం సంతోషం వేసింది. ఆ వెంటనే గోడకు ఆనే అరచేయి గుర్తొచ్చింది. యంత్రంలో ఏదో తేడా ఉందనుకుని మళ్లీ నడిపించాను. మళ్లీ అదే. రేకులు బాగానే ఉన్నాయి. లెక్క బాగానే ఉంది. బిడ్డ పెట్టిన పరీక్షలో తప్పకూడదని అమ్మే బరువంతా మంచికాలి మీదికి తెచ్చి, పళ్లు బిగబట్టి నడుస్తోంది.

అప్పుడే సారక్క వచ్చింది. కాంట్రాక్టు అయిపోయినా సాయంత్రాలు రావడం మానలేదు. మా అమ్మ అని చెప్పగానే వెళ్లి చెయ్యి పట్టుకుంది. ఏ ఊరు, ఏం పని అని మాటల్లో పడ్డారు. బీడీలనేసరికి సారక్క ఏ అడవి ఆకు చుట్టేవాళ్లని అడిగింది.

"ఏటూరునాగారం ఆకొచ్చేది బిడ్డా. మెత్తటాకు. కత్తెర పెడితే సుట్టం లెక్క మాట ఇనేది" అంది అమ్మ.

సారక్క నడక ఆపి నవ్వింది. "అది మేం తెంపిందే పెద్దమ్మా. మా అమ్మ, నేను. ఎండలల్ల తునికాకు తెంపి, కట్టలు గట్టి, కల్లంల పోసేటోళ్లం. యాడికి పోతుందో అనుకునేదాన్ని. నీ చాటలకు వచ్చిందన్నట్టు."

ఇక ఇద్దరికీ ఈ లోకం లేదు. కట్టకు ఎన్నాకులో, చెడ్డాకు పెడితే ఎట్లా తిరగ్గొట్టేవాళ్లో, వాన పడితే కల్లంలో ఎట్లా ఏడ్చేవాళ్లో చెప్పుకుంటూ కోర్టు చుట్టూ తిరిగారు. అమ్మ నేల సంగతే మరిచిపోయింది. రెండో చుట్టులో సారక్క చేతి మీద సగం బరువు వేసింది. కాలు ఈడ్చింది. తెర మీద నూనె తగ్గుతూ తగ్గుతూ ప్రమిద అడుగుకు చేరింది.

నేను తెర ఆపలేదు. చూస్తూ కూర్చున్నాను. అమ్మను దవాఖానకు తీసుకెళ్లే తేదీ ఆ గాజుగదిలోంచే ఫోన్ చేసి తీసుకున్నాను. తర్వాత ఆమెను ఆటోలో ఇంటికి తీసుకుపోయే తొందరలో జల్లెడ మళ్లీ పెట్టడం మర్చిపోయాను.

దానివల్ల ఇంకొకటి తెలిసింది. మా జట్టులో ఒక అలవాటుంది. సాధన అయిపోగానే అందరూ బూట్లు విప్పి, ఒకరి వెనక ఒకరు ఒట్టికాళ్లతో కోర్టు చుట్టూ నడుస్తారు. సారక్క పెట్టిన అలవాటు. సినిమాల ముచ్చట్లు, హాస్టల్ కూర మీద తిట్లు, ఎవరికో కుదిరిన సంబంధం మీద ఎకసెక్కాలు నడుస్తూ ఉంటాయి. సారక్క వరసలో అందరికన్నా వెనక నడుస్తుంది. రెండేళ్లుగా ఆ నడకను నా జల్లెడ పారేస్తూ వచ్చింది. ఆ సాయంత్రం మేం వెళ్లాక మొదటిసారి నేల దాన్ని విన్నది.

పొద్దున్నే చూస్తే ఒక్కొక్కరికీ రెండు దీపాలు కనిపించాయి. బూట్లతో ఆడినప్పుడు ఒకటి, ఒట్టికాళ్లతో నడిచినప్పుడు ఒకటి. దాదాపు అందరికీ రెండోదాంట్లో నూనె తక్కువ. ఆటలో నిండుగా వెలిగే అమ్మాయికి నడకలో సగమే ఉంది. నేల వింటోందని తెలిసిన దగ్గర్నుంచీ పిల్లలు నేల కోసం దిగడం నేర్చుకున్నారన్నమాట. నొప్పిని దాచి, బరువు మార్చి, మెత్తగా దిగుతున్నారు. దాచిన కాలు ఇంకా తొందరగా అరుగుతుంది. నేను కనిపెట్టింది కీళ్లను కాపాడుతుందనుకున్నాను. అది కీళ్ల చేత అబద్ధాలాడిస్తోంది.

పాత రికార్డులు తిరగేశాను. అప్పుడప్పుడూ ఎవరో ఒక అమ్మాయి జ్వరమనో కడుపునొప్పనో ఆట మానేది. కోచ్‌కు ఆ మాట చెప్పింది ప్రతిసారీ సారక్కే. ఆ అమ్మాయి బదులు ఆడిందీ సారక్కే. తర్వాతి వారాల్లో ఆ అమ్మాయి దీపం కోలుకునేది. సారక్క దీపంలో మాత్రం కాస్త నూనె తగ్గేది. వెనక నడుస్తూ ఆమె చేస్తున్న పని ఇదన్నమాట. ఎవరి అడుగు తేడాగా ఉందో విని, పక్కకు వెళ్లి అడుగుతుంది. వాళ్లు చెప్తారు.

ఒక్క సారక్కకే రెండు దీపాలూ ఒకే తీరుగా ఉన్నాయి. ఈమె ఒక్కతే అబద్ధం ఆడదు అనుకున్నాను.

ఇదంతా విఠల్ సార్‌కు చెప్తే కుర్చీలోంచి లేచాడు. లీగ్ మొత్తానికి పనికొచ్చే సంగతన్నాడు. ఒట్టికాళ్ల నడకను అన్ని నేలలకూ పెట్టిస్తారని, నాకు డాక్టరేటు వస్తుందని అన్నాడు. ఆ ఆశ అప్పటికే నాక్కూడా కలిగింది. నేల విన్న ఆట అంతా వారం చివర లీగ్ ఆఫీసుకు పంపాలి. ఈసారి నడక కూడా పంపుదామన్నాడు. ఇక సారక్క విషయం ఇట్టే తేల్చేశాడు. ఆమెను కోచ్‌కు సాయంగా పెట్టుకుందాం, కోచ్‌ల జీతం హద్దులోకి రాదు, జాగా అంతా హెప్సిబాకే ఇవ్వొచ్చు అన్నాడు.

సారక్కను పిలిచి చెప్పాడు. ఆమె నిలబడే విన్నది.

"కోచ్‌కు నొప్పని ఎవరు జెప్తరు సార్? జెప్తే కూసోబెడ్తడని భయం. పక్కన ఆడేదాన్ని గాబట్టి నాకు జెప్తరు. నన్ను ఒడ్డుకు కూసోబెడితే ఇగ నాకు గూడ జెప్పరు."

తర్వాత నా వైపు తిరిగింది. "ఆ నడక గూడ ఇన్నవా జమునా?"

విన్నానన్నాను.

"అయితే ఇగ ఆడ గూడ సక్కగ నడుస్తరు తియ్యి" అని వెళ్లిపోయింది. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట వదలలేదు నన్ను.

శనివారం హెప్సిబా వచ్చింది. తలుపు కింద వంగి లోపలికి రావలసినంత పొడవు. అందరికీ నమస్కారం చేసింది. ఎగిరి దిగి చూపించింది. తెర మీద దీపం అంచు దాకా వెలిగింది. విఠల్ సార్ మొహం కూడా వెలిగింది. సంతకానికి ముందు ఒక్కటే అడిగాను. సాయంత్రం మావాళ్లతో కలిసి నడవనివ్వమని. సార్ ఒప్పుకున్నాడు, నేల ఏం చెప్తుందో చూద్దామని.

అమ్మాయిలు బూట్లు విప్పుతుంటే నేను గదిలోకి వెళ్లి జల్లెడ మళ్లీ పెట్టేశాను. మొన్నటి నడకను కూడా తుడిచేశాను. ఆటలో పడిన అడుగులు పంపాలన్నదే నియమం. నడక ఆట కాదు. డాక్టరేటు గురించి ఆ క్షణంలో ఆలోచించలేదంటే అబద్ధమవుతుంది. ఆలోచించాను, అయినా తుడిచాను. బయటికి వచ్చి సార్ పక్కన బెంచీ మీద కూర్చున్నాను. తెర చూడవేమని అడిగితే, ఈ నడకను నేల వినడం లేదు సార్, మనమే చూడాలి అన్నాను. ఆయన నన్ను వింతగా చూసి విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

హెప్సిబా మొదట నిటారుగా నడిచింది. ముందున్న పిల్లలు ఆమె పొడవు మీద ఏదో అన్నారు, ఫ్యాను రెక్కలు తుడవడానికి ఇక నిచ్చెన అక్కర్లేదని. నవ్వింది. ఆ నవ్వుతో భుజాలు కాస్త వదులయ్యాయి. మూడో చుట్టులో సారక్క వెనక నుంచి వచ్చి ఆమె పక్కన నడవసాగింది. ఏమడిగిందో మాకు వినపడలేదు. కోర్టు నడుమ గుండ్రటి గీత దగ్గర ఆ పొడుగాటి పిల్ల ఆగి, కింద కూర్చుని, మొహం కప్పుకుంది.

"ఎడమ మోకాలక్కా. ఫిబ్రవరి నుంచీ ఉంది. మా అమ్మకి కూడా చెప్పలేదు" అంది. తర్వాత గాజుగది వైపు చూసి బెదిరిపోయింది. "ఇది బయటికెళ్తే నన్నింకెవరూ తీసుకోరండీ."

"పోదు. ఒట్టికాళ్లను ఈ నేల వినదు" అన్నాను బెంచీ మీద నుంచే.

సారక్క ఆమె పక్కన కూర్చుని ఆ మోకాలిని ఒళ్లోకి తీసుకుంది. మిగతా అమ్మాయిలు కూడా వరస వదిలేసి వచ్చి చుట్టూ కూర్చున్నారు. నాకు ఇక్కడ, నాకు ఇక్కడ అని ఎవరి నొప్పి వాళ్లు చూపించుకుంటున్నారు.

విఠల్ సార్ విజిల్ తీసి చొక్కాకు తుడుచుకున్నాడు.

"దీపం జూసి ఆ పిల్లకు జాగంత ఇచ్చేద్దునా?" అన్నాడు. "ఇచ్చి, ఆర్నెల్లల్ల ఆ మోకాలు ఇరగ్గొడుదునా?"

జాగాను ఆయన రెండుగా పంచాడు. పెద్ద వాటా హెప్సిబాకు. అడిగినదానికన్నా తక్కువే, కానీ ఒక సీజనుకు బదులు రెండింటికి. మొదట మోకాలు బాగయ్యేదాకా ఆడక్కర్లేదు. ఆ అమ్మాయి నమ్మలేనట్టు రెండుసార్లు అడిగి ఒప్పుకుంది. మిగిలిన వాటా సారక్కకు, కోచ్‌గా కాదు, జట్టులో మనిషిగా. బొత్తిగా అవసరమైతే తప్ప ఆడకూడదన్న షరతు పెట్టాడు. ఆడనిదానికి జీతమేందని పైనోళ్లు అడిగితే ఏం చెప్పాలో తెలియదని గొణిగాడు. నన్ను రాసివ్వమన్న చోట, ఒక్క దీపం చూసి ఎవరి జీతమూ తేల్చకూడదని రాసి సంతకం పెట్టాను.

షరతు వినగానే సారక్క సరేనంది. అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని నేననుకోలేదు. అప్పుడే అనుమానించాల్సింది.

వానలు పడ్డాక కొత్త సీజను సాధన మొదలైంది. అమ్మ దవాఖాన మందులు వాడుతోంది. రోజూ సాయంత్రం కోర్టుకు వస్తుంది, చెప్పులు గడప దగ్గరే. పిల్లలు ఆమెను వరసలో నడుమ నడిపిస్తారు. ఒకరోజు సారక్క గాజుగది తలుపు తట్టి, లోపల కూర్చుని ఏం చేస్తావు రమ్మంది. బూట్లు విప్పాను. బడి రోజుల తర్వాత ఒట్టికాళ్లతో బయట నడవడం అదే మొదటిసారి. నేల చల్లగా ఉంది. వెళ్లి సారక్క వెనక నిలబడ్డాను.

ముందుకు పొమ్మంది. వెనక ఎప్పుడూ తనే నడుస్తానంది.

"ఈ ఒక్క దినం నేను నడుస్త అక్కా" అన్నాను.

నన్ను కాసేపు చూసింది. తిరిగి నడవసాగింది. సగం చుట్టు నిటారుగా నడిచింది, ఆరోజు అమ్మ నడిచినట్టే. పైకప్పు రేకుల మీద వాన చప్పుడు తగ్గింది. రింగు కింద మలుపు తిరిగేటప్పుడు ఆమె అడుగు మారింది. ఒకటి గట్టిగా, ఒకటి తేలిగ్గా. ఒకటి గట్టిగా, ఒకటి తేలిగ్గా. ఆ చప్పుడు నాకు తెలుసు. రోజూ పొద్దున్నే మా వంటగది వైపు వెళ్లే చప్పుడు అది. ఆమె రెండు దీపాలూ ఒకే తీరుగా ఎందుకున్నాయో అప్పుడు అర్థమైంది. ఆటలోలాగే నడకలోనూ ఆమె నొప్పిని దాస్తూనే ఉంది. ఇన్నేళ్లూ ఆమె వెనక నడిచి అడిగినవాళ్లెవరూ లేరు.

"నొస్తుందా అక్కా?"

ఆమె అడుగు ఆగలేదు. వెనక్కి తిరగలేదు కూడా.

"నొస్తుంది జమునా. శాన నొస్తుంది."

మాటలు ముందుకు పాకాయి. వరస ఆగింది. హెప్సిబా వెనక్కి తిరిగింది. ఆమెకన్నా ముందు అమ్మ వచ్చింది. పొద్దున్నే గోడకు ఆనించే ఆ అరచేతిని సారక్క ముందు చాపింది.

"పట్టుకో బిడ్డా. నాది గూడ నొస్తుంది" అంది అమ్మ. నా ముందు ఆ మాట ఆమె అనడం అదే మొదలు.

ఒకరి బరువు ఒకరు పట్టుకుని ఇద్దరూ కుంటుకుంటూ నడిచారు. వాళ్ల నడకకు తగ్గట్టు వరస మొత్తం మెల్లగా నడిచింది. నేను ఆఖరున నడుస్తూ అందరి అడుగులూ విన్నాను. అవతల గాజుగదిలో తెర ఖాళీగా ఉంది.